నిమ్మకాయ మీద జారిన సైకిల్

మా అమ్మాయికి రోడ్ సైకిల్ నేనే విడిభాగాలు తెచ్చి బిగిస్తున్నానని మేముండే ఈ ఐరిష్ ఊరు లూకన్‌లో నేను చెప్పని తెలుగువాడు మిగల్లేదు. మూడు శనివారాలు వెనక షెడ్డులో గడిపాను. అందులో రెండున్నర డీరేలర్‌కే పోయాయి. చైనును ఒక పళ్లచక్రం మీంచి పక్కదాని మీదికి నెట్టే ఆ బుల్లి యంత్రాన్ని కుదర్చడం కంటే గ్రహాలను కక్ష్యల్లో పెట్టడం సులువు. కేబుల్ వెంట్రుకవాసి బిగిస్తే చైను గొణుగుతుంది, వెంట్రుకవాసి వదిలితే అలుగుతుంది. హద్దు స్క్రూ సరిగా లేకపోతే చైను చివరి చక్రం దాటి చువ్వల్లో పడుతుంది, మనిషి రోడ్డు మీద పడతాడు. ఆ స్క్రూను నలభైసార్లు సరిచూశాను. నా లెక్కలో నలభై అంటే పదకొండు.

ఆదివారం పొద్దున అమ్మాయి స్నేహితులతో విక్లో కొండలకు బయల్దేరింది. "కొత్త బండికి పూజ చెయ్యకుండా గేటు దాటనివ్వను," అంది మా ఆవిడ. చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టాం. రోడ్ సైకిల్‌కు స్టాండు ఉండదు కాబట్టి గోడకు ఆనించి ఒక చేత్తో పట్టుకున్నాను. ఎదురింటి ఐరిష్ పెద్దాయన కూడా చూస్తున్నాడు. సైకిల్ వదిలేసి గొప్పగా రెండు చేతులూ చాచి హారతి కళ్లకద్దుకున్నాను. ముందు చక్రం నిమ్మకాయ మీదెక్కి జారింది. సైకిల్ కుడివైపు, సరిగ్గా డీరేలర్ మీద, కాంక్రీటుకు కొట్టుకుంది.

"ఏమైనా అయ్యిందా?" అంది ఆవిడ.

"ఏమవుతుంది? గట్టి సరుకు."

లేపి పెడల్ తిప్పాను. గేర్లన్నీ మారాయి. అన్నిటికంటే పెద్ద చక్రం దగ్గర మాత్రం చువ్వకు ఏదో తగిలి టిక్కు టిక్కుమంది. డీరేలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క లోపలికి వంగిందని తెలిసిపోయింది. సరిచేయాలంటే గంట పడుతుంది. స్నేహితులు గేటు దగ్గర ఎదురుచూస్తున్నారు.

"ఈజ్ ఇట్ గ్రాండ్, నాన్నా?"

"గ్రాండ్," అన్నాను. ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉందని.

వెళ్లిపోయింది. నా నోట్లో పడితే తుమ్ము కూడా తుఫాను అవుతుంది. ఆ టిక్కును మాత్రం మింగేశాను.

కాఫీ పక్కన పెట్టేశాను. ఎత్తు ఎక్కేటప్పుడే ఆ పెద్ద చక్రం కావాలి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆవిడతో చెప్పేశాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?"

"అందరూ చూస్తున్నారని."

ఆవిడ కారు తాళాలు నా చేతిలో పెట్టి, తనూ ఎక్కింది.

కొండ ఎక్కే దారి సగంలో, రోడ్డు పక్కన రాతిగోడ మీద స్నేహితులతో కూర్చుని ఉంది అమ్మాయి. అరచేతులు చెక్కుకుపోయాయి, మోకాలంతా రక్తం. డీరేలర్ చువ్వల్లో మెలితిరిగి ఉంది. నడకంత వేగంలో పడింది కాబట్టి అంతటితో సరిపోయింది. వెనక వస్తున్న కారు రెండడుగుల దూరంలో ఆగిందట. ఆ రెండడుగులను నేను ఇప్పటికీ ఎవరి దగ్గరా పెంచి చెప్పలేదు, తగ్గించీ చెప్పలేదు.

"సారీ, నాన్నా. డిడ్ ఐ షిఫ్ట్ ద గేర్ రాంగ్?"

అవునన్నా నమ్మేది.

"కాదురా. పొద్దున పడ్డప్పుడే వంగింది. నాకు తెలుసు."

వాళ్లమ్మ అరచేతిలోంచి కంకర ఏరుతుంటే అమ్మాయి ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

మరుసటి శనివారం కొత్త డీరేలర్ తనే బిగించుకుంది. అడిగిన పనిముట్టల్లా అందించాను. హద్దు స్క్రూ ఒకసారి చూడమని మాత్రం నన్ను అడగలేదు.