గొడవలత్త నాలుగు అరలు

మా తాత అంత, మా తాత ఇంత అని వచ్చినవాళ్ళందరి దగ్గరా గొప్పలు పోతారే, ఆ తాతకి అక్షరాలు దిద్దించిన మేనత్త ఒకావిడ ఉండేదని మీలో ఒక్కరికైనా తెలుసా? గోడమీద ఫోటోలో చివరన నిలబడి ఎటో చూస్తున్న ఆవిడ ఎవరని ఇన్నేళ్ళలో ఒక్క నోరైనా అడిగిందా? అడగరు. ఫోన్లో ముక్కూమొహం తెలియనివాడు ఏం తిన్నాడో మాత్రం కావాలి మీకు. ఆవిడ ఎటో చూడటం లేదర్రా. కెమెరా ఎక్కడుందో ఆవిడకి కనపడలేదు.

ఊరంతా ఆవిడని గొడవలత్త అనేది. ఎవరితోనో గొడవపడి వచ్చిన పేరు కాదది. ఆవిడ అక్క మొగుడికి బస్టాండు వెనక అద్దెకు పుస్తకాలిచ్చే షాపుండేది. ఇరవై రెండో ఏట ఆ షాపులో కూర్చుంది, వెనక గదిలోనే ఉండిపోయింది. ఒక మంచం, ఒక స్టవ్వు, సందులోకి ఒక కిటికీ. పుస్తకాలని లోకమంతా రాసినవాళ్ళ పేర్లతో సర్దుకుంటుంది. ఆవిడ అలా సర్దలేదు. "రాసినవాడి పేరు నెత్తిన పెట్టుకుంటామా? లోపల ఎవరికి ఎవరితో గొడవో అది కావాలి. గొడవే లేకపోతే కథెందుకు, ఇంట్లో గోడ చూస్తూ కూర్చోవచ్చు" అనేది.

మొదటి అర, మనిషికీ మనిషికీ గొడవ. అత్తాకోడళ్ళు, అన్నదమ్ములు, దొంగాపోలీసూ అన్నీ అందులోనే. రెండో అర, ఒక్క మనిషికీ ఊరంతటికీ. మూడోది, మనిషికీ నీళ్ళకీ గాలికీ నిప్పుకీ. నాలుగోది, అన్నిటికంటే పొట్టి అర, మనిషికీ తనకీ.

రిటైరైన మాస్టారొకాయన రోజూ వచ్చి కెలికేవాడు.

"విధితో గొడవ ఏ అరలో పెట్టావమ్మా?"

"విధి తనంతట తను వచ్చి తలుపు కొడుతుందా మాస్టారూ? నీళ్ళ రూపంలోనో మొగుడి రూపంలోనో వస్తుంది. ఏ రూపంలో వస్తే ఆ అర."

మిల్లులో పనిచేసే ఒకతను అందుకునేవాడు. "మరి మాకు మిషనుతో గొడవ కదత్తా?"

"మిషను వెనక దాన్ని ఆపనివ్వనివాడు ఉన్నాడు కదరా. మొదటి అర."

నవ్వుకోవడానికి బాగానే ఉండేది కానీ, ఆ అరలు వేళాకోళానికి పెట్టినవి కావు. జ్వరం తగ్గిన బిడ్డకి ఏం పెట్టాలో తల్లికి తెలిసినట్టు, ఎవరికి ఏ గొడవ ఇవ్వకూడదో ఆవిడకి తెలిసేది. మొగుడితో దెబ్బలాడి వచ్చినవాళ్ళకి మొదటి అర ఇచ్చేది కాదు. నాలుగో అర పుస్తకం ఇచ్చేముందైతే మనిషి ముఖం తేరిపార చూసేది. ముఖం నచ్చకపోతే, "అది చెదలు పట్టిందమ్మా, ఇంకోటి తీసుకో" అనేది.

ఆ చూడటానికే ఎసరొచ్చింది. నలభై ఎనిమిదో ఏట చదువుతుంటే వరసకి ఎడమ చివర మాటలు మాయం కావడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి కుడి చివరా పోయింది. గొట్టంలోంచి చూస్తున్నట్టు లోకం నడిమధ్య చిన్న గుండ్రం మిగిలింది, అదీ అక్షరాలు ఆనని మసక. "కంటి నరం ఎండిపోతోంది. పోయిన చూపు రాదు. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను" అన్నాడు డాక్టరు. ఆయన రాసిచ్చిన చీటీని నాలుగు మడతలు పెట్టి స్టవ్వులో కాల్చేసింది.

ఆవిడకి గుడ్డితనమంటే కాదు భయం. అక్క ఇంట్లో హాలు మూల ఒక కుర్చీ ఉంది. బావగారి తల్లి పదకొండేళ్ళు అందులోనే కూర్చుంది. ఎవరైనా చెయ్యి పట్టుకుని లేపితే లేచేది, మరిచిపోతే కూర్చునేది. ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది, ఖాళీగా. కళ్ళ సంగతి బయటపడిందా, బావగారు షాపు తాళం తీసుకుంటారు, ఆ కుర్చీ చూపిస్తారు.

అందుకని దాచింది. పాత పుస్తకాలు వేళ్ళతో తడిమితే తెలిసేవి. మనుషులు గొంతుతో, చెప్పుల చప్పుడుతో తెలిసేవాళ్ళు. బావగారు వచ్చినప్పుడు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వేళకి పేజీ తిప్పేది. వచ్చిన చిక్కల్లా కొత్త పుస్తకాలతోనే. దానికీ ఉపాయం దొరికింది. తిరిగిచ్చేవాళ్ళని అడిగేది, "ఎవరికి ఎవరితో గొడవ?" అని. వాళ్ళు చెప్పినదాన్నిబట్టి అరలో పెట్టేది. కబుర్లకి అడుగుతోందనుకుని, అప్పట్నుంచే గొడవలత్త అన్నారు జనం.

ఒకరోజు పదకొండింటికి చెప్పుల షాపతను ఒక కొత్త నవల తెచ్చి బల్లమీద పడేశాడు.

"ఎవరికి ఎవరితో గొడవ?"

"అత్తాకోడళ్ళకే. మా ఇంట్లో ఉచితంగా దొరికేదానికి అద్దె కట్టానత్తా!"

మొదటి అరలో పెట్టింది. కాసేపటికి టైలరమ్మ వచ్చింది. అంతకుముందు వానాకాలంలో రేవు దాటుతుంటే పడవ తిరగబడి ఏడేళ్ళ కూతురు పోయిన మనిషి. ఆమెని మూడో అర దగ్గరికి కూడా రానిచ్చేది కాదు అత్త. నవ్వొచ్చే అత్తాకోడళ్ళ గొడవ కదా అని ఆ నవలే చేతిలో పెట్టి పంపింది.

రెండింటికి మాస్టారు వచ్చాడు. "కొత్తగా ఒకటొచ్చిందట కదా, పడవ మునిగి పిల్ల చచ్చిపోయేది. అదివ్వు."

"అటువంటిది రాలేదే."

"నీలం అట్టది. సగందాకా అత్తాకోడళ్ళు కొట్టుకుని, తర్వాత రేవు దాటుతారట."

అప్పుడు తెలిసింది అత్తకి. చెప్పుల షాపతను సగమే చదివి తెచ్చిచ్చాడు.

షాపు అలా తెరిచే వదిలేసి బయటపడింది. టైలరమ్మ ఇల్లు మూడు సందుల అవతల. మధ్యలో లారీలు తిరిగే రోడ్డు. తెల్లవారకముందు తప్ప ఆ రోడ్డు దాటి ఏడాదైంది. అంచున నిలబడితే కంటిముందు గుండ్రంలో దుమ్ము తప్ప ఏమీ లేదు. హారను ఎటునుంచో తెలియడం లేదు. "ఏయ్, కళ్ళు కనపడట్లేదా?" అని ఎవడో అరిచాడు. ఆ మాటకి లారీకంటే ఎక్కువ భయపడింది. ఒక్క ఉదుటున రోడ్డు దాటేసి, గోడలు తడుముతూ, తలుపులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. ఆ సందులోకి తిరగ్గానే ఎప్పుడూ కుట్టుమిషను చప్పుడు వినపడాలి.

వినపడలేదు.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది. రెండు చేతులా బాదింది. ఎంతసేపటికో తెరిచింది టైలరమ్మ.

"ఏంటత్తా, ఇలా వచ్చావ్?"

"ఆ పుస్తకమిచ్చెయ్ అమ్మాయ్. పొరపాటున ఇచ్చాను. ఎంతవరకు చదివావ్?"

"పడవ ఎక్కారు." ఆమె గొంతులో తడి లేదు. "తర్వాత ఏమవుతుంది?"

"నాకు తెలీదు."

"నువ్వు చదవని పుస్తకం ఉంటుందా? నాకు కావాలనే ఇచ్చావు కదూ? ఏడిస్తే తేలికపడుతుందని అందరూ చెప్పినట్టే నువ్వూ అనుకున్నావు కదూ?"

కాదని చెప్పాలంటే ఒక్కటే దారి.

"నాకు కళ్ళు కనపడవే తల్లీ. చదివి రెండేళ్ళయింది. వాళ్ళూ వీళ్ళూ చెప్పింది విని సర్దుతున్నాను."

టైలరమ్మ ఆవిడని చెయ్యిపట్టి లోపల బల్లమీద కూర్చోబెట్టింది. "అయితే విను, నేను చదువుతా."

"వద్దే!"

వద్దన్నా చదివింది. పడవ తిరగబడింది. కథలో తల్లి పిల్ల చెయ్యి పట్టుకుంది, మునిగింది, తేలింది. ఊపిరాడక చెయ్యి వదిలేసింది. అక్కడ గొంతు ఆగిపోయింది. ఎదురుగా ఉన్న మనిషి ఏడుస్తోందో, కొయ్యబారిపోయిందో అత్తకి కనపడదు. అంత భయం ఆవిడ జన్మలో ఎరగదు. చెయ్యి చాపి తడిమింది. గుడ్డముక్కల కింద కత్తెర తగిలింది. చప్పుడు కాకుండా దాన్ని ఒళ్ళోకి లాక్కుని కొంగు కప్పింది.

"కత్తెరెందుకత్తా?"

"ఊరికే."

"ఆ పని చేసేదాన్నైతే ఆరోజే చేసేదాన్ని." పుస్తకం మూసి అంది. "నేనూ వదిలేశాను. నీళ్ళు లాగేశాయని అందరూ అన్నారు. అవునన్నాను. లాగలేదత్తా, నేనే వదిలేశాను. ఇప్పటిదాకా ఎవ్వరికీ చెప్పలేదు."

అత్త ఆమె చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"ఇది నీళ్ళ అరలోది కాదత్తా. నాలుగో అరలో పెట్టు" అంది టైలరమ్మ.

మర్నాడు పొద్దున్నే బావగారి ఇంటికి తనే వెళ్ళి చెప్పేసింది గొడవలత్త. ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చేంత దాపరికం ఇక మొయ్యలేననుకుంది. "గుడ్డెద్దు చేలో పడ్డట్టు రెండేళ్ళు నా షాపు నడిపావా?" అని కేకలేసి తాళం లాక్కున్నాడాయన. చిన్నల్లుణ్ణి కూర్చోబెట్టాడు. అల్లుడు మొత్తం పీకి రాసినవాళ్ళ పేర్లతో సర్దాడు. అత్త భయపడిన కుర్చీలోనే కూర్చుంది, హాలు మూల.

కానీ మధ్యాహ్నం మధ్యాహ్నం టైలరమ్మ వచ్చేది, చంకలో పుస్తకం, సంచీలో గుండీలు కుట్టాల్సిన చొక్కాలు. ఆమె చదివితే ఆవిడ వేళ్ళతో తడుముకుంటూ గుండీలు కుట్టేది. రోజూ మూడవుతుంటే గుమ్మం వైపు చెవి పెట్టుకుని, ఇవాళ రాదేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చునేది. ఆ భయం చివరిదాకా పోలేదు. చూపు మాత్రం అరవయ్యో ఏటికి పూర్తిగా పోయింది.

ఆవిడ పోయేనాటికి డెబ్బై మూడేళ్ళు.