చిన్నమ్మ కొన్న పాత బండి

మా చిన్నమ్మ దేనికైనా "నడిపి సూద్దాం" అనేది. సూర్యాపేటలో పాత కార్లు అమ్మే అతను రెండు ఎస్‌యూవీలు చూపించాడు. ఒకటి సన్‌రూఫ్ ఉన్న మూడేళ్ల తెల్లది, రెండోది నాలుగు చక్రాలతోనూ లాగే పదిహేనేళ్ల పాతది. కొనేది చిన్నమ్మే అయినా అతను నాతోనే మాట్లాడాడు.

"పాతది నడుపుడు ఆడోళ్లతోటి కాదు సార్. తెల్లది తీస్కోండ్రి."

"నడిపి సూద్దాం" అంది చిన్నమ్మ.

చివ్వెంల దగ్గర మా పొలం బాట వానకు బురదైంది. రెండు బండ్లనూ అక్కడికే తెప్పించింది. ముందు అతను నడిపిన తెల్లది సగం దారిలో దిగబడింది. వెనకే పాతదాన్ని నడుపుకుంటూ వస్తున్న చిన్నమ్మ దిగి, కొంగు నడుముకు దోపుకుని తాడు కట్టింది. ఫోర్ వీల్ వేసి, రివర్స్‌లో తెల్లదాన్ని అతనితో సహా బయటికి లాగింది.

"డ్రైవింగ్ ఎవరు నేర్పిండ్రమ్మా?" అన్నాడతను.

"'ఆడదానివి, నీకెందుకు' అని ఇంట్ల అందరు వద్దన్నరు. గందుకే నేర్సుకున్న."