లియోటా పెద్దమ్మ ఎంచిన ఆకుల బండి

మా ఊళ్ళో కోపం వస్తే ఎవరూ అరవరు. అరవడం చేతకాక కాదు, పక్క కొట్టంలో ఆవులు బెదిరి పాలు తగ్గిస్తాయని. మావాళ్ళు కోపాన్ని ఊరగాయ పెట్టుకుంటారు. జాడీ మూత బిగించి నేలమాళిగలో దాచి, బాగా ఊరాక నవ్వు మొహంతో తీసి అవతలివాడి కంచంలోనే వడ్డిస్తారు. విస్కాన్సిన్‌లో పుట్టిన ప్రతి నార్వే వంశం మనిషికీ ఈ విద్య వచ్చు. కానీ లియోటా బ్రాండ్‌వోల్డ్ పెట్టినంత ఘాటుగా పెట్టినవాళ్ళు లేరని ప్రమాణం చేసి చెబుతాను. పదో తరగతి మధ్యలో బడి మానేసినవాడి ప్రమాణానికి విలువేమిటంటారా? ఈ కథలో సగం నా కళ్ళ ముందే జరిగింది. మిగతా సగం, జరిగినదానికంటే నేను చెబితేనే బాగుంటుంది.

లియోటా మా అమ్మకు వరసకు అక్క, నాకు పెద్దమ్మ. బతుకంతా బడి బస్సు నడిపింది. ఒక జనవరిలో మంచు తుఫానుకు దారి కనబడక, బస్సును వెనక్కి నడుపుతూనే పిల్లలందర్నీ ఇళ్ళ దగ్గర దింపిందని ఊళ్ళో చెప్పుకుంటారు. అబద్ధం. ఆ బస్సులో నేనున్నాను. వెనక్కి కాదు, పక్కకి నడిపింది.

ఆమె మొగుడు ఓర్విన్ చిన్న వయసులోనే పోయాడు. గుట్ట మీది చర్చి వెనక సమాధుల తోటలో, ఓక్ చెట్ల కింద పడుకోబెట్టారు. అదే రాతి మీద పెద్దమ్మ తన పేరు కూడా చెక్కించుకుంది. పుట్టిన ఏడు ఉంది, పోయే ఏడు చోటు ఖాళీ. మొదట ఓర్విన్ మీది గడ్డి కోసేది. పక్క సమాధి బోసిగా ఉందని దానిదీ కోసింది. అలా అలా తోటంతా ఆమె చేతిలోకి వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా వేసవిలో గడ్డి, శరత్తులో ఆకులు. పళ్ళకర్రతో లాగి, టార్పాలిన్ పట్టాలో మూటగట్టి, వెనక కంచెకున్న గేటులోంచి ఈడ్చుకుపోయేది. ఆ కంచె అవతల ఆమె మొక్కజొన్న పొలమే. ఆకులు ఎటు పోతున్నాయని సమాధుల కమిటీలో ఒక్కడూ అడగలేదు. ఊడ్చినవి వాటంతట అవే పరలోకం చేరతాయనుకున్నారేమో.

ఆ కమిటీకి పెద్ద డర్వుడ్ ఎగ్గెన్. దాణా మిల్లు నడిపి రిటైరైనవాడు. ఎదుటివాడి కంటే ఒక్క అంగుళం పెద్దది తన దగ్గర లేకపోతే నిద్రపట్టదు. ఓర్విన్ పడవ కొంటే డర్వుడ్ దానికంటే పొడుగు పడవ కొన్నాడు. ఓర్విన్ మూత్రపిండంలో రాయి ఉందని ఆస్పత్రికి పోతే, తనకు రెండున్నాయని చెప్పుకున్నాడు.

ఒక వసంతంలో, ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి కింది గదిలో డర్వుడ్ పెద్ద కేకు పెట్టించాడు. మీద క్రీముతో 'థాంక్యూ లియోటా' అని రాసి ఉంది.

"దేనికి?" అంది పెద్దమ్మ.

"ఇన్నేళ్ళ సేవకు. ఇక హాయిగా విశ్రాంతి తీసుకో లియోటా. తోట సంగతి ఇకమీదట నేను చూసుకుంటా. కర్రతో గీకే రోజులు పోయాయి. ఇప్పుడన్నీ మెషీన్లే కదా."

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ కూడా కొట్టింది. మావాళ్ళు మెడ కోసేటప్పుడు ఇలాగే కేకు కూడా కోస్తారు. ఆమె కేకంతా మోసుకెళ్ళి కోళ్ళకు వేసింది. ఆ కోళ్ళు వారం రోజులు గుడ్డు పెట్టలేదంటే మీరు నమ్మరు. నమ్మకండి, కోళ్ళకు తెలుసు.

ఆ తర్వాతి శనివారం, అలవాటు కొద్దీ ఆమె ఓర్విన్ సమాధి దగ్గర గడ్డి కోస్తుంటే డర్వుడ్ వచ్చి నిలబడ్డాడు.

"లియోటా, నువ్వు మెషీను వాడకూడదు. ఇన్సూరెన్సు ఒప్పుకోదు."

"మా ఆయన మీద గడ్డి కోయడానికి కూడానా?"

"రూలు రూలే కదా. పూలు పెట్టుకో, కావాలంటే."

మొగుడి మీది గడ్డి పరాయివాడు కోస్తుంటే పూలగుత్తి పట్టుకుని పక్కన నిలబడాలి! పెద్దమ్మ మెషీను ఆపేసింది. ఇంటికి పోయి, ఆ వెనక గేటుకు ఆవు మెడలో గంటంత తాళం వేసింది. తోట తిరిగి తన చేతికి రావాలి, అదీ డర్వుడ్ నోటితో ఇప్పించుకోవాలి. ఇదొక్కటే ఆమె జాడీలో పెట్టిన ఊరగాయ.

సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున మా దుకాణానికి వచ్చింది. మేము ట్రాక్టర్లూ, ఎక్కి కూర్చుని గడ్డి కోసే గడ్డిబండ్లూ అమ్ముతాం. ఇంజను దగ్గు విని దాని జబ్బు చెప్పడంలో ఈ కౌంటీలో నన్ను మించినవాడు లేడు, ఆ సంగతి తర్వాత. దుకాణం కిటికీ దగ్గర ఒక బల్ల, దాని మీద ఉచిత కాఫీ. రోజూ ముసలాళ్ళు అక్కడే కూర్చుంటారు. ఆ బల్ల దగ్గర ఒక మాట అంటే, కప్పు చల్లారేలోపు ఊరు చుట్టి వస్తుంది. డర్వుడ్ బావమరిది కుర్చీ కూడా అక్కడే.

"ఒరేయ్ రోలీ, ఆకులు పీల్చే బండి చూపించు. గడ్డిబండి వెనక తగిలించుకునేది."

"నీ పెరట్లో ఉన్నది ఒక్క మేపుల్ చెట్టు పెద్దమ్మా. దాని ఆకులు నేను జేబులో వేసుకుపోతాను."

"నీ జేబులన్నీ చిల్లులేనని మీ అమ్మ చెప్పిందిలే. చూపించు."

చూపించాను. మొదటిది గుడ్డసంచిది. తేలిక, మడిచి గోడకు చేర్చుకోవచ్చు, కానీ ఎండాకుల దుమ్మంతా నడిపేవాడి నెత్తినే. రెండోది ప్లాస్టిక్ తొట్టిది. ధర నయం, కానీ గొట్టం సన్నం. తడి ఓక్ ఆకులు మలుపులో ఉండకట్టి కూర్చుంటాయి. మూడోది ఇనుప తొట్టిది, సొంత ఇంజను, పిల్లి దూరేంత గొట్టం. పోయినేడు ఒకాయన టోపీ మింగిందిది. టోపీ పొడై తొట్టిలో పడింది, దాని కిందున్న బట్టతలకు మాత్రం ఏమీ కాలేదు.

పెద్దమ్మ దాని పక్కన మడమకు కాలివేళ్ళు ఆనించి అడుగులేస్తూ పొడుగు కొలిచింది. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"దీన్ని వెనక్కి నడపొచ్చా?"

"నువ్వైతే నడుపుతావు. మామూలోడు నడిపితే మోకాలు మడిచినట్టు మడత పడుతుంది. అందులోనూ ఉన్నచోటే గిరుక్కున తిరిగే గడ్డిబండికి తగిలిస్తే ఇంకా అన్యాయం."

డర్వుడ్‌కు ఉన్నది సరిగ్గా ఆ గిరుక్కు బండే. పెద్దమ్మ మొహం మీద నవ్వు వచ్చి పోయింది. అప్పుడు కిటికీ దాకా వినబడేలా అంది:

"ఇదే రా నాక్కావలసింది! కొంటే ఇలాంటిదే కొనాలి. దీనికంటే పెద్దది కూడా వస్తుందా?"

"వస్తుంది, తెప్పించాలి."

"అబ్బో, అంత పెద్దది నావల్ల ఏమవుతుంది. ఆలోచించుకుని వస్తా."

బల్ల దగ్గర బావమరిది కప్పు కింద పెట్టాడు.

వారం వారం వచ్చింది. ఒకసారి గొట్టం గురించి, ఒకసారి తొట్టిని సీటు మీంచే ఒంపే మీట గురించి, ఒకసారి రంగు గురించి. చివరికి నాకే విసుగొచ్చింది.

"కొంటావా కొనవా పెద్దమ్మా?"

"కొనను."

"మరెందుకు నా ప్రాణం తీస్తున్నావ్?"

"కొనేవాడు కొంటాడు. ఎరను ఒక్కసారే ఆడిస్తే చేపకు నమ్మకం కుదరదు రా. కమీషన్ నీకేగా వచ్చేది, నోరు మూసుకో."

నా జన్మలో నోరు మూసుకున్నది అదొక్కసారే. దవడ నొప్పి పుట్టింది.

అక్టోబరు నడుమ డర్వుడ్ వచ్చాడు.

"లియోటా చూసిందే, దానికంటే పెద్దది తెప్పించు."

"చాలా పొడుగుంటుంది డర్వుడ్ గారూ. తోటలో పడుతుందో లేదో కొలుచుకోండి."

"రోడ్డు వైపు గేటు కొలిచానయ్యా. దర్జాగా పోతుంది."

పోవడం కొలిచాడు. రావడం కొలవలేదు.

ఓక్ చెట్టు పెంకి చెట్టు. మిగతా చెట్లన్నీ బోడివయ్యాక, నవంబరులో తీరిగ్గా రాలుస్తుంది. మా చర్చిలో లూటఫిస్క్ విందు కూడా అప్పుడే. కంచంలో పెడితే గాలికి వణికే ఆ చేప కోసం మూడు కౌంటీల జనం పొద్దున్నే వరుస కడతారు. ఆ వరుస చూస్తుండగా ఆకులెత్తాలని డర్వుడ్ ముహూర్తం పెట్టుకున్నాడు. విందు ప్యాంటూ మెరిసే బూట్లూ వేసుకుని, గిరుక్కు బండి వెనక ఆ ఎర్రటి ఇనుప ఏనుగును తగిలించుకుని గేటులోంచి ఊరేగింపుగా లోపలికి పోయాడు. ముందు రోజే వాన పడింది. బండి మాత్రం బండే, నేను అమ్మింది కదా, తడాకుల్ని పాయసంలా జుర్రింది. జనం "ఆహా" అన్నారు. డర్వుడ్ చెయ్యి ఊపాడు.

బాట రెండు వరుసల సమాధి రాళ్ళ మధ్య సన్నగా పోయి, వెనక కంచె దగ్గర ఆగిపోతుంది. బాట ఆగింది. బండి ఆగింది. తొట్టి నిండింది. ఎదురుగా పెద్దమ్మ తాళం.

డర్వుడ్ తిరగబోయాడు. ముందు బండి గిరుక్కున తిరిగింది. వెనకది తిరగనంది. వెనక్కి నడిపితే మడతపడి, పోయి పోయి డర్వుడ్ తాతగారి సమాధి రాయినే గుద్దింది. రాయి ఒక పక్కకు ఒరిగింది. లోపల తాతగారు కూడా ఒత్తిగిల్లి ఉంటారు. పద్మవ్యూహంలో అభిమన్యుడికైనా చేతిలో విల్లుంది. డర్వుడ్ చేతిలో ఆకులు ఒంపే మీట ఒక్కటే.

మగాళ్ళు వరుస వదిలి, జేబుల్లో చేతులు పెట్టుకుని చుట్టూ చేరారు.

"కొంచెం వెనక్కి పోనీ డర్వుడ్."

"వెనక్కే పోతున్నా."

"అది పక్కకి."

"ఆకులు ఇక్కడే ఒంపెయ్. ఖాళీ బండిని తలో చెయ్యి వేసి మోసుకుపోదాం."

"విందు రోజున, జనం ముందు, సమాధుల మీద ఒంపమంటావా?" అన్నాడు డర్వుడ్. చెవులు బండి రంగుకు తిరిగాయి.

"మరి లియోటా ఎటు తీసుకుపోయేదో?" అన్నారెవరో.

అందరూ కంచె వైపు చూశారు, ముప్పై ఏళ్ళలో మొదటిసారి. డర్వుడ్ కంచె ఎక్కి దూకాడు. మొక్కజొన్న మోళ్ళ మధ్య బురదలో, విందు బూట్లతో పెద్దమ్మ ఇంటికి నడిచాడు. సాయం పట్టే వంకతో నేనూ వెనకే వెళ్ళాను. ఇలాంటిది చూడనివాడికి కళ్ళెందుకు?

పెద్దమ్మ వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ కిటికీలోంచి గుట్ట మొత్తం కనబడుతుంది.

"బాగున్నావా లియోటా?"

"బాగున్నా. కాఫీ తాగు."

"వద్దులే, కాస్త తొందర."

"తొందరున్నవాడికే కాఫీ కావాలి. కూర్చో."

కూర్చున్నాడు. మా దగ్గర వాతావరణం గురించి మాట్లాడకుండా అసలు విషయంలోకి దిగడం మర్యాద కాదు. పెద్దమ్మ ఆ మర్యాదను సాగదీసింది.

"నిన్న వాన పడ్డట్టుంది."

"పడింది."

"ఆకులు తడిగా ఉండుంటాయి."

"ఉన్నాయి... లియోటా, నీ గేటు..."

"ఏ గేటు?"

"వెనకది. దానికి తాళం ఉంది."

"ఉండదా మరి? ఇన్సూరెన్సు ఒప్పుకోదు."

డర్వుడ్ కాఫీ మింగాడు. రాయి మింగినట్టు చప్పుడైంది.

"నీకేం కావాలి లియోటా?"

"నాకేం కావాలి, విశ్రాంతి ఇచ్చారుగా. నీకేం కావాలో నువ్వు చెప్పు. ముక్కలు ముక్కలుగా కాదు, పూర్తిగా."

"నా బండి ఇరుక్కుంది. నీ గేటు తీసి దారిమ్మని అడుగుతున్నా."

"విన్నావా రోలీ?"

"విన్నా పెద్దమ్మా. ఇంకోసారి చెప్పినా వింటా."

ఆమె లేచి కప్పులు తీసింది. "తోట నాది. విందులో అందరూ కూర్చున్నాక నువ్వే లేచి ఆ మాట చెప్పు. పాస్టరమ్మ చెబితే కుదరదు. 'నాకు చేతకాలేదు' అన్న ముక్క కూడా ఉండాలి."

"ఆ ముక్క లేకపోతే?"

"బండిలోనే పడుకో. దుప్పటి ఇస్తా."

చర్చి కింది గదిలో, కంచంలో చేప వణుకుతుండగా డర్వుడ్ లేచాడు. చేప కంటే అతనే ఎక్కువ వణికాడు.

"సమాధుల తోట చూడడం నాకు చేతకాలేదు. ఇవాళ్టి నుంచి మళ్ళీ లియోటానే చూస్తుంది."

చప్పట్లు కొట్టాలో ఊరుకోవాలో తెలియక మావాళ్ళు తలలు వంచి చేప తిన్నారు. కరిగిన వెన్న వడ్డించేది పెద్దమ్మే. డర్వుడ్ కంచం దగ్గర గరిటె రెండుసార్లు ఒంపింది. "తిను డర్వుడ్. నీరసించిపోయావు," అంది.

మధ్యాహ్నం తాళం తీసింది. ఎర్ర ఏనుగు దర్జాగా ఆమె పొలంలోకి దిగింది, దిగి అక్కడే ఇరుసుల దాకా కూరుకుపోయింది.

"నేల మెత్తగా ఉందని చెప్పలేదే!" అన్నాడు డర్వుడ్.

"గేటు తీయమన్నావు, తీశాను. నేల సంగతి అడిగావా?"

నేల గడ్డకట్టి బిగిసేదాకా ఆ బండి అక్కడే ఉంది, రోడ్డు మీద పోయే ప్రతి కారుకూ కనబడుతూ. బళ్ళో పిల్లలు దానికి డర్వుడ్ అనే పేరు పెట్టారు. పెట్టించింది నేనే.

ఇక కోపం తీరిందనుకున్నాను. సోమవారం గుట్ట మీదికి వెళితే, పెద్దమ్మ పళ్ళకర్రతో ఎగ్గెన్ల వరుసలో, ఒరిగిన తాతగారి రాయి చుట్టూ, దువ్వెనతో దువ్వినట్టు ఆకులు లాగుతోంది. ఓర్విన్ చుట్టూ కూడా అంత శుభ్రంగా లేదు.

"వీళ్ళకెందుకు పెద్దమ్మా ఇంత సేవ?"

"చోటు సిద్ధం చేస్తున్నా రా. డర్వుడ్ వచ్చేది ఇక్కడికే. నాకంటే ముందు రావాలి. వారం వారం వాడి మీద గడ్డి నేనే కోస్తా. పక్కన నిలబడి పూలు పెట్టుకోమను, వాళ్ళావిణ్ణి."

ఈ మాట నేను కాఫీ బల్ల దగ్గర అన్నాను. నా కప్పు ఇంకా పొగలు కక్కుతుండగానే డర్వుడ్‌కు చేరింది. ఆ రోజు నుంచి అతను వెన్న మానేశాడు. పొద్దున్నే నడక మొదలుపెట్టాడు. అది తెలిసి పెద్దమ్మ కూడా మొదలుపెట్టింది, ఎదురు దిక్కు నుంచి. రోజూ కౌంటీ రోడ్డు వంపులో ఎదురవుతారు.

"బాగున్నావా డర్వుడ్?"

"బ్రహ్మాండంగా ఉన్నా. నువ్వు?"

"నాకేం, రాయిలా ఉన్నా."

అని, ఒకరి మొహంలో ఒకరు రంగు తగ్గిందేమోనని నిలువునా చూసుకుని, ఇద్దరూ అడుగుల వేగం పెంచుతారు.