మేనమామగారి అలక

అవును కన్నా, మీ అమెరికా ఫుట్‌బాల్లో క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరో అమ్మమ్మకి తెలుసు. బంతి ముందు వాడి చేతికి వస్తుంది, ఆ తరవాత ఊరందరి తిట్లూ వాడికే వస్తాయి, అంతేగా? మొన్న ఫోన్లో నువ్వు మీ టీము కోచ్‌ని అంతలేసి మాటలంటుంటే ("చేతకానివాణ్ణే మళ్ళీ మళ్ళీ ఆడిస్తాడు అమ్మమ్మా, వాడికి కళ్ళు లేవా?") నేను నవ్వానని నీకు కోపం వచ్చిందట, మీ అమ్మ చెప్పింది. నిన్ను చూసి నవ్వలేదురా. నీ గొంతులో నాకు ఇక్కడ ఐర్లండ్‌లో, ఎన్నిస్ అనే ఊరి అవతల మా పల్లెటూరి పెట్రోలు బంకు వినిపించింది, అందుకు నవ్వాను.

ఆ రోజుల్లో మనిషికి నలుగురు తెలియాలంటే ఫోను తీస్తే సరిపోయేది కాదు, ఎక్కడో ఒకచోట రోజూ వెళ్ళి నిలబడాల్సి వచ్చేది. నేను నిలబడ్డ చోటు ఆ బంకు కొట్లో వేడి తిండి కౌంటరు. మీ తాతయ్య పొద్దున్నే పక్కనున్న షానన్ ఊళ్ళో ఉద్యోగానికి పోతే నేను నెత్తికి వల కట్టుకుని, పొడుగాటి రొట్టెల్ని నిలువునా చీల్చి, అందులో సాసేజీలూ గుడ్లూ కూరి ఇచ్చేదాన్ని. (మా అమ్మ గనక చూసి ఉంటే నాతోపాటు ఆ పట్టకారుకి కూడా తలంటు పోసేది.) వచ్చినవాళ్ళు మంచివాళ్ళే, కానీ "రెండు సాసేజీలు, ఒక గుడ్డు, థాంక్యూ" మించి నాతో మాట ఉండేది కాదు. ఏం మాట్లాడాలో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. ఇంటికొచ్చాక అద్దం ముందు నిలబడి "వాన తగ్గింది కదండీ" అని ఇంగ్లీషులో నాలుగైదుసార్లు అనుకునేదాన్ని, మర్నాడు పొద్దున వెళ్ళేసరికి మళ్ళీ వాన పడుతూ ఉండేది.

అలాంటిది, ఒక సోమవారం పొద్దున ట్రాక్టరు నడిపే ఆయన రొట్టె కొరకబోయి ఆగి, తిన్నగా నా మొహంలోకి చూసి, "నిన్న చూశావా మిసెస్? ఆ మనిషికి అసలు బుర్ర ఉందా?" అన్నాడు. నేను ఏమీ చూడలేదు, ఆ మనిషెవరో కూడా తెలియదు. నోటికి వచ్చింది "అయ్యో" ఒక్కటే, అదీ తెలుగులో. ఆశ్చర్యం ఏమిటంటే అది ఆయనకి పూర్తిగా అర్థమైంది. "అదీ! అదే నేనూ అంటున్నా!" అని పక్కనున్న పోస్టాయన వైపు తిరిగాడు. ఆ రోజు నుంచి నేను వాళ్ళ మనిషిని. తిట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నా, మధ్యలో అడ్డు రాకుండా "అయ్యో" అనేవాళ్ళు ఒకరుంటేగానీ తిట్టు రుచించదు. మెల్లగా మాట్లాడటం తప్ప ఏమీ రానిదాన్ని, నాకు తగ్గ పని దొరికింది.

వాళ్ళు తిట్టేది ఊరి గేలిక్ ఫుట్‌బాల్ టీము మేనేజర్ని. అది చేత్తో పట్టుకున్నా కాలితో తన్నినా తప్పులేని ఆట. రెండు పొడుగాటి స్తంభాల మధ్య, అడ్డకర్ర పైనుంచి బంతి పోతే ఒక పాయింటు. ఎదుటివాళ్ళు తప్పు చేస్తే ఫ్రీ కిక్కు ఇస్తారు, అది తన్నడానికి టీములో నమ్మకమైన కాలు ఒకటి ఉండాలి. మా మేనేజరు ఆ పని తన చెల్లెలి కొడుక్కి అప్పగించాడు. ఆ కుర్రాడు బంగారం లాంటివాడు, ముసలమ్మల సంచులు మోసేవాడు, కానీ వాడు తన్నిన బంతి స్తంభాల మధ్యకి తప్ప ఇంకెక్కడికైనా పోయేది. నేనూ మీ తాతయ్యా మాలో మేము ఆయనకి మేనమామగారు అని పేరు పెట్టుకున్నాం. ఊరంతా "వాడికే ఎందుకిస్తాడు, ఎందుకిస్తాడు" అని కొట్టుకుంటుంటే నాకు మాత్రం పెద్ద వింత అనిపించలేదు. మేనల్లుడికి కాకపోతే ఇంకెవరికిస్తాడు? మా ఇళ్ళల్లో అయితే పిల్లని కూడా ఇచ్చేవాళ్ళు.

ఇంకో సంగతి. ఆ మేనమామగారు కూడా సోమవారం పొద్దున్నే రొట్టె కోసం మా కొట్టుకే వచ్చేవాడు. ఆయన తలుపు తోశాడంటే కౌంటరు దగ్గర గొంతులన్నీ ఒక్కసారి తేనెలో మునిగేవి. "కుర్రాళ్ళు బాగానే ఆడారులే, గాలి అటు వీచింది, ఏం చేస్తాం" అని ట్రాక్టరాయనే ముందు అనేవాడు. "గ్రాండ్, గ్రాండ్" అనేవాడు పోస్టాయన. (గ్రాండ్ అంటే వీళ్ళ భాషలో అంతా బాగుందని.) ఆయన రొట్టె తీసుకుని వెళ్ళాక, కారు రోడ్డెక్కేదాకా ఆగి, "బుర్రలేనివాడు!" అని ఎక్కడ ఆపారో అక్కడి నుంచి ఎత్తుకునేవారు. (నాకు మా అత్తగారి వంటిల్లు గుర్తొచ్చి కళ్ళు చెమర్చేవి.)

ఒక ఆదివారం ఆటలో మేనల్లుడు మూడడుగులు వెనక్కి వేసి, బూటు తుడుచుకుని, తన్నబోయేముందు జనమంతా ఊపిరి బిగపట్టారు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో ట్రాక్టరాయన, పక్కవాడికి మాత్రమే వినిపిస్తుందనుకుని, "మా కుంటి ఆవు కొడుతుంది వీడికన్నా" అన్నాడు. మైదానమంతా వినిపించింది. బంతి ఎటో పోయింది. మేనమామగారు వెనక్కి తిరిగి చూడలేదు. మెడలో ఈల తీసి కంచె మీద వేలాడదీసి, కారెక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి, ఇక మేనేజరు పని చెయ్యనని క్లబ్బుకి కబురు పంపాడు.

మర్నాడు కౌంటరు దగ్గర పండగలా ఉంటుందనుకున్నాను, రొట్టెలు కూడా ఎక్కువ పెట్టాను. ఒక్కొక్కరే వచ్చి, రొట్టె పుచ్చుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. "మబ్బుగా ఉంది" అన్నాడు పోస్టాయన. "ఆఁ" అన్నాడు ట్రాక్టరాయన. అంతే. తిట్టడానికి మనిషి లేడు. మరి కొత్త మేనేజరుగా నువ్వుండు అంటే, అన్నాళ్ళూ ఆటంతా అరచేతిలో ఉన్నట్టు చెప్పినవాళ్ళలో ఒకరికి నడుంనొప్పి, ఒకరికి ఆవులు ఈనే రోజులు. రెండో వారం వచ్చేసరికి నిలబడటం కూడా మానేశారు. "రెండు సాసేజీలు, ఒక గుడ్డు, థాంక్యూ." నా పని మళ్ళీ మొదటికొచ్చింది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడాలంటే దిగులేసింది.

"పోనీ ఎవరైనా వెళ్ళి ఆయన్ని పిలవచ్చుగా?" అని ట్రాక్టరాయన్ని అడిగాను. "పిలవడమా? వదిలెయ్యి మిసెస్, మనిషిని తన మానాన వదిలెయ్యాలి" అన్నాడు. అలిగినవాణ్ణి తన మానాన వదిలెయ్యడం! వీళ్ళకి ఎన్నో తెలుసుగానీ అలక సంగతి తెలియదనుకున్నాను. మా మామగారు అలిగి ముసుగుతన్ని పడుకుంటే మా అత్తగారు బతిమాలేది కాదు. మంచం పక్కన గిన్నె పట్టుకుని నిలబడి, "ఇందులో ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలిసి చావడం లేదు, కాస్త చూసి పెడుదురూ" అనేది. అంతే, లేచేవాడు. అలిగినవాడికి కావలసింది క్షమాపణ కాదు, తను లేకపోతే ఉప్పు కూడా తేలదన్న కబురు.

"మనకెందుకే ఊరివాళ్ళ గొడవ?" అన్నారు మీ తాతయ్య.

"మీరు కారు తియ్యండి" అన్నాను.

"వెళ్ళి ఏమంటావు?"

"ఉప్పు చూడమంటాను."

ఆయన ఇంజను ఆపకుండా వీధిలోనే కూర్చున్నారు, అవసరమైతే పారిపోవడానికి. తలుపు తీసింది మేనమామగారి భార్య. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుని, "లోపలే ఉన్నాడు తల్లీ. వంటింట్లో ప్రెస్సులన్నీ సర్దాడు. ఇప్పుడు నా గిన్నెలు ఎక్కడున్నాయో నాకే తెలియదు" అని గుసగుసగా మొరపెట్టుకుంది. (ప్రెస్సు అంటే వీళ్ళ భాషలో అల్మారా.) ఆయన కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"ఆదివారం ఆట తరవాత కుర్రాళ్ళకి శాండ్‌విచ్‌లు ఎన్ని చెయ్యాలో తెలియడం లేదండీ" అన్నాను.

"క్లబ్బువాళ్ళని అడుగు."

"అడిగాను. అసలు టీము వెళ్తుందో లేదో తెలియదన్నారు."

పేపరు దిగింది. "వెళ్ళదా? ఓడితే కింది గ్రేడుకి పోతాం, వెళ్ళకపోవడం ఏమిటి? ఎవడన్నాడు?"

"మీరు లేకపోతే ఎవరికీ ఏమీ తోచడం లేదండీ. కొట్టంతా బోసిపోయింది" అన్నాను. ఒక్క ముక్క అబద్ధం లేదు అందులో. ఆయన పేపరు మడిచి, "నిజంగానా? వాళ్ళు అలా ఉన్నారా?" అన్నాడు. మొహం విప్పారింది. "హామ్ ఎక్కువ పెట్టు, కిందటిసారి చాల్లేదు" అంటూ లేచి, చెప్పుల కోసం వెతికాడు. అవి కూడా ఏదో ప్రెస్సులో సర్దేశాడు పాపం.

ఆదివారం మైదానంలో ఆయన్ని చూసి జనం గ్రాండ్ అంటే గ్రాండ్ అన్నారు. ఊరంతా తనని కోరి రప్పించుకుందని ఆయన నమ్మకం, ఊరంతా అంటే మేనల్లుడితో సహా కోరిందని ఇంకా గట్టి నమ్మకం. ఆట చివరికొచ్చేసరికి ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. స్తంభాలకి సరిగ్గా ఎదురుగా ఫ్రీ కిక్కు దొరికింది, ఏ మగాడైనా "మా ఆవిడ కూడా కొడుతుంది" అనగలిగేంత దగ్గర. మేనమామగారు చెయ్యెత్తి పిలిచాడు. ఎవర్ని పిలిచాడో చెప్పక్కర్లేదు. అప్పుడు గీత వెంట నిలబడ్డ జనమంతా, గొడుగులతో సహా, మెల్లగా తిరిగి నా వైపు చూశారు. ఆయన్ని ఎవరు తీసుకొచ్చారో పల్లెటూళ్ళో దాగుతుందా? నేను శాండ్‌విచ్‌ల డబ్బా గుండెలకి హత్తుకుని, తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాను. వాళ్ళకి ఈ ఆట తెలియదనుకుంటాను. బంతి ఎడమ స్తంభానికి బారెడు దూరం నుంచి పోయి, కంచె దాటి, మీ తాతయ్య అంతకుముందు వారమే కొన్న కారు బానెట్ మీద పడింది. కింది గ్రేడుకి వెళ్ళిపోయాం. దారి పొడుగునా మీ తాతయ్య బానెట్ వైపే చూస్తూ నడిపారు.

సోమవారం పనికి వెళ్ళడానికి మనసొప్పలేదు. ఇక "అయ్యో" అనడానికి కూడా నాకు మొహం లేదు. కొట్టు తలుపు తీసేసరికి బయట అప్పటికే బారు కట్టి ఉన్నారు, ముందు ట్రాక్టరాయన. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా ఆలోచించినట్టున్నాడు. "మిసెస్!" అన్నాడు. నేను పట్టకారు పట్టుకుని నిలబడిపోయాను. "చూశావా? నీ కళ్ళతో చూశావా? మళ్ళీ వాడికే ఇచ్చాడు! బుర్ర ఉందా ఆ మనిషికి?" "కుంటి ఆవు నయం" అన్నాడు పోస్టాయన. "అయ్యో, కుంటి ఆవైతే కొట్టి ఉండేది" అన్నాను నేను. అందరూ పకపకా నవ్వారు. ఆ రోజు పది కాకుండానే రొట్టెలన్నీ అయిపోయాయి. వెళ్తూ వెళ్తూ ట్రాక్టరాయన, "మంచి పని చేశావు" అన్నాడు, ఎవరికీ వినపడకుండా.

ఆ తరవాత చాలా ఏళ్ళు ఆయనే మేనేజరు, చాలా ఏళ్ళు వీళ్ళు తిట్టారు. ఆయన ఆ పని మానేశాక మాతోపాటు గీత పక్కనే నిలబడేవాడు, కొత్త మేనేజర్ని అందరికన్నా గట్టిగా తిట్టేవాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? మీ అమ్మ నమ్మదుగానీ, ఇంత మెల్లగా మాట్లాడే మీ అమ్మమ్మ ఆ గీత మీద నిలబడి గొంతు పోయేలా అరిచింది, వాన కోటూ టోపీ వేసుకుని. ఒకరోజు టీ పంచుకుంటూ, అన్నాళ్ళూ మేనల్లుడికే ఎందుకిచ్చారని ఉండబట్టలేక ఆయన్ని అడిగేశాను. ఆయన కప్పు దించి, ఏదో చెప్పబోయాడు. అంతలో ఈల మోగింది, ఫ్రీ కిక్కు. "చూడు చూడు, ఎవడికిస్తున్నాడో చూడు!" అని నా మోచెయ్యి పట్టుకుని లాగాడు, ఇద్దరం అరవడంలో పడిపోయాం. అది మళ్ళీ అడగడం కుదర్లేదు. ఈ ఏడు ఆయన చోట కంచె పక్కన ఎవరూ నిలబడటం లేదు.

ఇంతకీ, మేనల్లుడు కొట్టలేడని ఆయనకి తెలుసా, తెలియదా?