బొట్టు కింద పగులు

పాత సైకిలుకు కొత్త రంగు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దాచేదేమీ లేనివాడికి అంత రంగుతో పనేమిటి?

మాది ఒడిశాలో చికిటి దగ్గర పల్లె. మా అన్న వంకాయ గంపలు క్యారియరుకు కట్టుకుని బరంపురం బజారుకు తొక్కుకుంటూ వెళ్లేవాడు. ఉన్న సైకిలు మూలపడితే, బళ్లకూ పనిముట్లకూ బొట్టు పెట్టే విశ్వకర్మ పూజ మర్నాడు బరంపురంలో ఒక కొట్లో సెకండ్ హ్యాండుది కొని తెచ్చాడు. ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. హ్యాండిలు కింది పొట్టి గొట్టానికి మిగతా గొట్టాలు వచ్చి అతుక్కునే చోట పసుపు దట్టంగా మెత్తి, పైన ఇంత కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

బడి నాకు నేర్పింది తక్కువ. విప్పి చూసి నేర్చుకున్నదే ఎక్కువ. ముందు గొట్టం నుంచి వెనక ఇరుసు దాకా రెండు వైపులా దారం లాగి చూశాను. మధ్యనున్న సీటు గొట్టానికి దారం అటూ ఇటూ ఒకే ఎడంలో ఉంది. ఫ్రేము వంకర పోలేదు. పై గొట్టానికి చిన్న సొట్ట. అక్కడ ఇనుము మడత పడలేదు, దాని వల్ల భయం లేదన్నాను. కింది గొట్టం అడుగున మాత్రం, బొట్టుకు జానెడు లోపలే, వేలికి అలలా చిన్న ఉబ్బు తగిలింది. ఎవడో దీన్ని ఎదురుగా దేనికో గుద్దాడు. అలాంటి దెబ్బ అతుకు దగ్గర బయటపడుతుంది. అతుకు చూద్దామంటే దాని మీద పసుపు!

కిరసనాయిలు గుడ్డ తీసేసరికి వదిన అడ్డం వచ్చింది.

"బొట్టు సెరిపీడానికి నీకు సెయ్యెలాగొస్తంది బాబూ? దాని మీద ఎక్కేది నా మొగుడు."

"అతగాడు ఎక్కుతాడనే సెరుపుతన్నాను."

ఇరుగుపొరుగు కూడా వదిన వైపే. పూజ బొట్టు దానంతటది రాలాలట. ఆ మాట తెలిసే కదా కొట్టువాడు అక్కడ పెట్టింది! సీటు మీద పెట్టకూడదా, మడ్‌గార్డు మీద పెట్టకూడదా? మన ఆడవాళ్ల భయం ఎక్కడుంటుందో వాడికి బాగా తెలుసు.

తెల్లారి అన్న గంపలు కట్టే వేళకు నేను తుడిచేసి కూర్చున్నాను. వెంట్రుకంత సన్నగా, అతుకు అంచున సగం చుట్టూ తిరిగి ఉంది పగులు.

"గీతేనేటిరా?" అన్నాడు అన్న.

"గోరెట్టి సూడు, దిగతాది. బరువుతో గోతిలో పడితే హ్యాండిలు నీ సేతిలో ఉంటాది, సైకిలుండదు."

సైకిలును బస్సు మీదకెక్కించుకుని ఆ కొట్టుకే వెళ్లాం. అమ్మిన రోజున అన్నతో "బావా" అంటూ తెలుగులో కబుర్లు చెప్పినవాడు, మమ్మల్ని చూస్తూనే పక్క కొట్లవాళ్లకు వినపడేలా ఒడియా అందుకున్నాడు. పూజ చేసిన బొట్టు తుడిచేశారట, ఇక ఆ బండికి ఏమైనా తనకు పూచీ లేదట. విన్నవాళ్లంతా తలలూపారు. వచ్చి పగులు చూడండని నేనూ ఒడియాలోనే అడిగాను. ఒక్కడూ వంగి చూడలేదు.

బరంపురం శివారు హల్దియాపదర్‌లో గ్యాసు వెల్డింగు కొట్టుకు తీసుకెళ్లి, అతుకు చుట్టూ రంగంతా గీకించి, ఇత్తడి కరిగించి పగుల్లోకి దింపించాను. పైన రంగు కొడతానన్నాడు వెల్డింగువాడు. ఒప్పుకోలేదు. అతుకు బోసిగా ఉండాలి, తుప్పు పట్టకుండా నూనె రాసుకుంటే చాలు. మళ్లీ పగిలితే కంటికి కనపడాలి.

వదిన చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె. అన్న ఆ సైకిలు మీదే నిండు గంపలతో వెళ్లి వట్టి గంపలతో ఇంటికొచ్చేవాడు.