అక్క బిగించిన కంప్యూటరు

గత వారం మా బడికి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. అట్టపెట్టె కోయగానే థర్మకోలు, కొత్త ప్లాస్టిక్కు, ఇనుప డబ్బాకు వేసిన రంగు కలిసిన వాసన గదంతా నిండింది. మిగతా టీచర్లు తీగలు కలుపుతుంటే నేను వరండాలోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. ఆ వాసన నాకు మొదట తెలిసింది బోధన్ దగ్గరి మా ఊళ్లో, చెరుకు నరికే రోజుల్లో, మా అక్క సుజాత నట్టింట్లో దుప్పటి పరిచి తన చేత్తో కంప్యూటరు బిగించిన నాడు.

ఆ రోజుల్లో పొద్దున్నే చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి మడ్డి వాసన, పుల్లగా, కాస్త మాడిన బెల్లంలా వచ్చి దండెం మీది బట్టలకు కూడా పట్టేది. రోడ్డు మీద చెరుకు బండ్లు ఒకదాని వెనక ఒకటి మెల్లగా కదులుతుంటే, చిర్రగోనె ఆడుతున్న పిల్లలం ఆట విడిచి వెనక నుంచి గడలు గుంజుకొని పరుగెత్తేవాళ్లం. చలి తగ్గేసరికి పెరట్లో పసుపు కొమ్ములు ఉడికేవి. ఆ పని అవ్వది. అవ్వ అంటే మాకు అమ్మే, బాపు అంటే నాన్న. ఆమె చేతి గీతల్లో దిగిన పసుపు ఎండాకాలం దాకా పోయేది కాదు.

ఇంట్లోకి కొత్తది ఏది వచ్చినా అవ్వ బొట్టు పెట్టకుండా వాడనిచ్చేది కాదు. బావి మోటారుకు స్టార్టరు మీద, బాపు సైకిలుకు హ్యాండిలు మీద, కుట్టుమిషనుకు చక్రం మీద తడి పసుపు పూసి, నడుమ కుంకుమ అద్ది, ఆ పూట బెల్లం పూర్ణం పెట్టి పోలెలు చేసేది. వస్తువు ఎక్కడ మెరిస్తే అదే దాని నొసలని ఆమె నమ్మకం.

అక్క నిజామాబాద్‌లో చుట్టాల ఇంట్లో ఉండి ఒక కంప్యూటరు దుకాణంలో పని నేర్చుకుంది. దుకాణమాయన ఆమెను అక్కడే పనికి రమ్మన్నాడు. ఆడపిల్ల రోజూ బస్సులో పోయి రావడం బాపుకు ఇష్టం లేదు. అక్క అన్నం మానేశాక ఒక మాటకు దిగాడు.

“గా సామాను తెచ్చి నా కండ్ల ముంగట జోడించు. నడిస్తే రేపటి సంది పో. నడ్వకుంటే వాపస్ ఇచ్చి ఇంట్ల ఉండు. మల్ల ఆ ముచ్చట తియ్యొద్దు.”

అక్క సామాను తెచ్చి దుప్పటి మీద వరుసగా పెట్టుకుంది. చేతులు కడుక్కోవడానికి ఆమె లేచినప్పుడు అవ్వ పసుపు గిన్నెతో అక్కడ కూర్చుంది. నేను చూశాను. ఎప్పుడూ చూసేదే కనుక ఏమీ అనుకోలేదు.

మధ్యాహ్నానికి అన్నీ బిగించి అక్క బటన్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, ముందు పచ్చ దీపం వెలిగింది, కానీ తెర నల్లగానే ఉంది. డబ్బా లోపల నుంచి పొడుగ్గా, ఆగి ఆగి ఒకటే కూత.

“పిండిగిర్ని లెక్క మొత్తుకుంటున్నది గదనే! జొన్నలు పోసి సూడు పిల్లా,” అన్నాడు గడపలో నిలబడ్డ పక్కింటి మల్లయ్య కాక. బాపు నవ్వలేదు.

“మెమరీ దొర్కుతలేదంటున్నది,” అని అక్క ఆ కూత విని తనలో తనే అనుకుంది. మెమరీ అంటే జానెడు కూడా లేని సన్నటి పలక. దాన్ని తీసి, రెండు చివర్లా టక్కుమనే దాకా నొక్కి పెట్టింది. మళ్లీ అదే కూత. హార్డ్ డిస్కు తీగ పీకింది, సీడీ డ్రైవు తీగ పీకింది, కరెంటు తీగలన్నీ ఊడదీసి పెట్టింది. కూత మారలేదు. ఆమె పై పెదవి మీద చెమట పట్టింది.

“సాలు బిడ్డా. బస్సు టైమైతున్నది. సర్దు,” అంటూ బాపు ఖాళీ అట్టపెట్టె దగ్గరికి జరుపుకొన్నాడు.

“జర ఆగరాదయ్యా. నా బొట్టు వట్టిగ పోదు,” అంది అవ్వ పొయ్యి దగ్గర నుంచి.

అక్క ఆ మాటకు తలెత్తింది. పలకను మళ్లీ ఊడదీసి గడప దగ్గర ఎండలోకి తీసుకుపోయింది. చెరుపుతున్న లెక్క వదిలి నేనూ వెనకే వెళ్లాను. పలక అంచున బంగారు రంగులో మెరవాల్సిన పళ్ల మీద పసుపు పల్చగా ఆరిపోయి ఉంది. ఆ సామానులో అంతకంటే మెరిసేది అవ్వకు కనపడలేదు. అక్క ఒకసారి వంటింటి వైపు చూసి, నా చేతిలోని బడి రబ్బరు తీసుకుంది. రెండు వైపులా నిదానంగా రుద్ది, రాలిన పసుపు పొట్టును చున్నీ కొంగుకు తుడుచుకుంది. ఈసారి పక్కనున్న రెండో గాడిలో పెట్టింది.

పొట్టిగా ఒక్క కూత. తెర మీద తెల్లటి అక్షరాలు.

“ఏమైంది దానికి?” అన్నాడు బాపు.

“సరిగ్గ కూసోలేదు బాపు. గంతే.”

“నేనేం జెప్పిన! బొట్టు పెట్టినంక లేవకుండ ఉంటదా?” అని అవ్వ వేడి పోలె తెచ్చి అక్క నోట్లో పెట్టింది.

“నీ సెయ్యే అవ్వా,” అంది అక్క నమలుతూ. తర్వాత నావైపు చూసి కన్ను గీటింది.

మర్నాడు అక్క నిజామాబాద్ బస్సెక్కింది. చాలా ఏళ్లు ఎక్కింది. తర్వాత జబ్బు చేసింది. ఆసుపత్రిలో, డాక్టర్లు మాట్లాడటం తగ్గించిన రోజుల్లో, అవ్వ ఇంటి నుంచి తెచ్చిన పసుపు తడిపి అక్క నొసట పూసింది.

“ఆ డబ్బ సుత నా బొట్టుకే లేసింది. నువ్వు లేవవా బిడ్డా?”

“లేస్త అవ్వా,” అంది అక్క. లేవలేదు.

ఇప్పుడు ఫ్యాక్టరీ మూతపడి బోధన్ రోడ్డు మీద చెరుకు బండ్ల బారు లేదు, మడ్డి వాసన లేదు. మా పొలంలో వరి వేస్తున్నాం. బాపు లేడు. అవ్వ నా దగ్గరే ఉంటుంది. మొన్న మా అమ్మాయి స్కూటీ కొంటే బొట్టు పెట్టమని పిలిచాం. “నా సెయ్యి మంచిది గాదు, నన్ను పిలవకుండ్రి,” అని లోపలికి వెళ్లి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

నీ చేతిలో ఏమీ లేదవ్వా, ఆనాడు డబ్బాను లేపింది నా రబ్బరు అని చెప్పొచ్చు. చెబితే అక్క లేవకపోవడానికి తన చేయి కారణం కాదని ఆమెకు తెలుస్తుంది. కానీ బిడ్డను మొదటిసారి పనికి బస్సెక్కించింది తన చేయేనన్న మాట ఆమెకు మిగలదు. అక్క పేరు మీద ఆమె దగ్గర ఉన్నది అదొక్కటే.