అత్త చేతిలో క్లిక్కర్

నాన్నకు యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ అయినప్పుడు మూలకుళంలో ఒక మేడమీద అద్దెకున్నాం. కింద ఉండే ఇంటి ఓనరమ్మను అత్తా అనాలి. నేను మాత్రం తలూపి తప్పుకునేదాన్ని.

అత్త కుక్క గేటు దగ్గర ఎవరొచ్చినా మొరిగేది. ఆదివారంలోగా మానకపోతే ఏంబలంలో తమ్ముడి పొలానికి పంపేస్తానని మామ తేల్చేశాడు. అత్త హడలిపోయి, కుక్కలకు శిక్షణ ఇవ్వడానికి వాడే, నొక్కితే టిక్కుమనే క్లిక్కర్ కొనితెచ్చింది. కుక్క మొరగగానే టీవీ రిమోట్‌లా దానివైపు చాచి నొక్కేది. ఆపైన దాని నోరు మూయించడానికి బిస్కెట్ పెట్టేది. రెండు రోజుల్లో కుక్క, వీధిలో ఎవరూ లేకపోయినా ఒకసారి మొరిగి, వెనక్కి తిరిగి అత్త చేతిని చూడటం నేర్చుకుంది.

ఆ చప్పుడు మంచి పని చేసినప్పుడు మెచ్చుకోవడానికని నేను ఒక పుస్తకంలో చదివాను. ఆ సంగతి డైరీలో కూడా రాసుకున్నాను గాని కిందికి దిగి చెప్పలేదు. శుక్రవారం అత్త కుక్కను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే మెట్లమీద నుంచే అనేశాను.

"అత్తా, మొరిగినప్పుడు కాదు, ఊరుకున్నప్పుడు నొక్కి బిస్కెట్ పెట్టండి."

"ఇన్ని దినాలు యాడ పెట్టుకోనుంటివే పాపా ఆ నోరు?" అంటూ అత్త క్లిక్కర్ నావైపు చాచి టిక్కుమనిపించి, నా చేతిలో ఒక బిస్కెట్ పెట్టింది.

ఆ రెండు రోజులూ ఇద్దరం గేటు దగ్గరే కాపురం. ఆదివారం మామ తమ్ముడొచ్చి గేటు తట్టాడు. కుక్క లేచింది, నోరు తెరిచింది, అత్త చేతిని చూసి మూసుకుంది.

"చూసినారా!" అని అత్త వీధంతా వినేలా అరిచింది. నేనూ అరిచాను. మమ్మల్ని ఊరుకోబెట్టడానికి మామ బిస్కెట్ల డబ్బా అందుకున్నాడు.